బాస్కెట్‌బాల్ షూటింగ్: ఆసక్తి లేని టీనేజీ పిల్లలకు నేర్పే విధానం

బాస్కెట్‌బాల్ ఆటలో బంతిని రింగులోకి వేసే నైపుణ్యాన్ని షూటింగ్ అంటారు. డ్రిబ్లింగ్, పాసింగ్, రీబౌండింగ్ ఎంత బాగా వచ్చినా పాయింటు వచ్చేది షూటింగ్‌తోనే. 13 నుంచి 19 ఏళ్ల మధ్య మొదటిసారి బంతి పట్టుకునేవాళ్లలో చాలామంది ఈ ఆటను కోరుకుని వచ్చినవాళ్లు కారు. టైమ్‌టేబుల్‌లో గేమ్స్ పీరియడ్ ఉంది కాబట్టి కోర్టులో నిలబడ్డవాళ్లు. వాళ్ల చేత షాట్ వేయించడం, మళ్లీ వేయాలనిపించేలా చేయడం వ్యాయామ విద్యలో ఒక ప్రత్యేక సమస్య. ఉపాధ్యాయుల అనుభవమూ, గత కొన్ని దశాబ్దాల పరిశోధనా ఒక విషయంలో కలుస్తాయి: పిల్లల అనాసక్తి చాలావరకు వాళ్ల స్వభావంలోంచి రాదు. మొదటి షాట్‌ను ఎంత దూరం నుంచి, ఎంత బరువున్న బంతితో, ఎంతమంది చూస్తుండగా వేయించారన్న దాన్ని బట్టి వస్తుంది. ఈ మూడూ నేర్పేవారి చేతిలో ఉన్నవే.

ఆట పుట్టుక

అసలు బాస్కెట్‌బాల్ పుట్టిందే మొండికేసిన ఒక తరగతి కోసం. 1891లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో చలికాలపు వ్యాయామ తరగతి ఒకటి ఉండేది. బయట ఫుట్‌బాల్ ఆడి వచ్చిన 18 మంది యువకులకు లోపల కవాతు, జిమ్నాస్టిక్స్ విసుగు తెప్పించాయి. ఇద్దరు ఉపాధ్యాయులు ప్రయత్నించి చేతులెత్తేశారు. శాఖాధిపతి లూథర్ గ్యూలిక్ ఆ తరగతిని మరో ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్‌కు అప్పగించి, కొత్త ఆట ఒకటి కనిపెట్టడానికి 14 రోజులు గడువిచ్చాడు.

నైస్మిత్ ముందు తెలిసిన ఆటలనే లోపలికి తెచ్చి చూశాడు. గది ఇరుకులో అవి తోపులాటలయ్యాయి. అప్పుడు చిన్నతనంలో కెనడాలో ఆడిన రాళ్ల ఆట గుర్తుకొచ్చింది. బండ మీద పెట్టిన రాయిని మరో రాయితో పడగొట్టాలి. బలంగా విసిరితే రాయి దూరంగా పోతుంది, తెచ్చుకునేలోపు దొరికిపోతారు. పైకి ఎత్తి మెత్తగా వేసినవాడే గెలుస్తాడు. ఆ ఆలోచనతోనే గోలును నిలువుగా కాక అడ్డంగా, తలకు పైన పెట్టాడు. రెండు పీచ్ పండ్ల బుట్టలను బాల్కనీ రెయిలింగుకు కొట్టించాడు. ఆ రెయిలింగు ఎత్తు 10 అడుగులు. అదే నేటికీ రింగు ఎత్తు. 13 నియమాలు రాసి గోడకు అంటించాడు. 18 మందినీ తొమ్మిదేసి మందిగా విడదీసి ఆడిస్తే మొత్తం ఆటలో ఒక్క గోలు పడింది. దాన్ని వేసినవాడు విలియం చేజ్.

నేర్పేవారికి ఈ చరిత్ర ఊరికే చెప్పుకునే కథ కాదు. బలం కన్నా ఒడుపుకు విలువ ఇవ్వడం ఈ ఆట పునాది. కండ లేని పిల్లకు, ఎత్తు లేని పిల్లాడికి కూడా ఆ పునాదిలో చోటుంది.

మరుసటి ఏడాదే వ్యాయామ ఉపాధ్యాయురాలు సెండా బెరెన్సన్ ఈ ఆటను స్మిత్ కళాశాల విద్యార్థినులకు పరిచయం చేసింది. తోపులాట తగ్గేలా నియమాలు మార్చింది. 1893 మార్చిలో మొదటి, రెండో సంవత్సరాల విద్యార్థినుల మధ్య జరిగిన పోటీకి మగ ప్రేక్షకులను రానివ్వలేదు. ఎవరు చూస్తున్నారన్నది ఎవరు ఆడతారన్న దాన్ని నిర్ణయిస్తుందన్న ఎరుక ఆనాటి నుంచే ఉంది.

షాట్ ఎలా మారింది

తొలి దశాబ్దాల్లో నేల మీద పాదాలు ఆనించి రెండు చేతులతో వేసే సెట్ షాట్ రాజ్యమేలింది. 1936లో స్టాన్‌ఫర్డ్ ఆటగాడు హ్యాంక్ లూయిసెట్టి న్యూయార్క్‌లో ఒంటి చేత్తో షాట్లు వేసి దేశం దృష్టిని ఆకర్షించాడు. జంప్ షాట్‌కు ఆద్యుల్లో ఒకడిగా పేరున్న కెన్నీ సైలర్స్ కథ టీనేజీ పిల్లలకు ఇంకా దగ్గరిది. 1930లలో వయోమింగ్‌లోని తమ పొలం దగ్గర, తనకన్నా చాలా పొడుగైన అన్నతో ఆడుతూ, అన్న చెయ్యి దాటించడానికి ఎగిరి పైనుంచి వేయడం మొదలుపెట్టాడు. ఎవరూ డ్రిల్లు చేయించి నేర్పలేదు. ఎదురుగా ఒక చిక్కు ఉంది, దానికి ఒళ్లు వెతుక్కున్న ఉపాయం అది. ఇలాగే బోధనలో కూడా ఆటను ముందు పెట్టి, అవసరం తెలిశాక నైపుణ్యం నేర్పాలన్న వాదాన్ని 1982లో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోకు చెందిన డేవిడ్ బంకర్, రాడ్ థార్ప్ ఒక పద్ధతిగా మలిచారు.

విముఖతకు కారణాలు

బయటికి బద్ధకంలా కనిపించేదాని వెనుక సాధారణంగా ఈ కారణాలుంటాయి.

మొదటిది నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయం. లెక్క తప్పితే నోటుబుక్కు మూసేయొచ్చు. బంతి రింగును తాకకుండానే కింద పడితే, అంటే ఎయిర్‌బాల్ అయితే, దాచుకునే చోటు లేదు. అందరూ తననే చూస్తున్నారన్న భావన ఈ వయసులో బలంగా ఉంటుందని మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లో వివరించి, దానికి 'ఊహా ప్రేక్షకులు' అనే అర్థమొచ్చే పేరు పెట్టాడు. ఈ సిగ్గు ఎంత బలమైనదో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్.బి.ఏ.లో ఆడిన విల్ట్ చాంబర్లిన్ ఉదంతం చెబుతుంది. 1962 మార్చి 2న ఒకే ఆటలో 100 పాయింట్లు చేసిన రోజు, అతను ఫ్రీ త్రోలను (ఫౌలు జరిగినప్పుడు ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్లను) మోకాళ్ల మధ్య నుంచి రెండు చేతులతో వేసి 32కి 28 సాధించాడు. అది అతనికి బాగా అచ్చొచ్చిన పద్ధతి. అయినా చూసేవాళ్ల ముందు బేలగా కనిపిస్తానన్న జంకుతో మానేశానని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అంతటి ఆటగాడినే వెనక్కి లాగిన సిగ్గు తొమ్మిదో తరగతి పిల్లను కదలనివ్వకపోతే ఆశ్చర్యం లేదు.

రెండోది ఎదుగుదల. ఎత్తు వేగంగా పెరిగే దశ ఆడపిల్లల్లో సుమారు 12 ఏళ్లకు, మగపిల్లల్లో సుమారు 14 ఏళ్లకు తారస్థాయికి చేరుతుంది. చేతులు, కాళ్లు సాగినంత త్వరగా వాటి మీద పట్టు రాదు. నిన్న పడిన బంతి ఇవాళ పడదు.

మూడోది సరిపడని సామగ్రి. బరువైన 7వ నంబరు బంతిని అందరి చేతికీ ఇవ్వడం, మొదటి రోజే రింగు వెనక ఉండే బోర్డుకు 4.6 మీటర్ల దూరంలోని ఫ్రీ త్రో గీత మీద నిలబెట్టడం పాఠశాలల్లో తరచూ కనిపించే పొరపాట్లు.

నాలుగోది పాత గాయాలు. ఇద్దరు కెప్టెన్లు జట్లు ఎంచుకుంటుంటే చివరిదాకా మిగిలిపోయిన జ్ఞాపకం, తప్పు చేస్తే గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టించిన జ్ఞాపకం ఆటను శిక్షతో ముడిపెడతాయి. ఆడపిల్లలకు వీటితోపాటు చున్నీ, బిగుతు యూనిఫాం, నెలసరి రోజులు, గోడ పక్కన నిలబడి చూసే కళ్లు అడ్డం వస్తాయి.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ ప్రతిపాదించిన స్వయం నిర్ణయ సిద్ధాంతం ప్రకారం ఏ పనికైనా లోపలి నుంచి ఉత్సాహం పుట్టాలంటే మూడు కావాలి: ఇందులో నా మాటకు విలువ ఉందన్న భావన, నాకు చేతనవుతుందన్న నమ్మకం, పక్కవాళ్లు నన్ను కలుపుకుంటారన్న ధైర్యం. పైన చెప్పిన కారణాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని దెబ్బతీసేవే.

షాట్ వెనుక లెక్క

రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు. 7వ నంబరు బంతి వ్యాసం 24 సెంటీమీటర్ల పైచిలుకు. బంతి నిట్టనిలువుగా పైనుంచి పడితే 45 సెంటీమీటర్ల ద్వారం మొత్తం దానిదే. 45 డిగ్రీల వాలులో వస్తే ఆ ద్వారం 32 సెంటీమీటర్లకు తగ్గుతుంది. 32, 33 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ద్వారం సరిగ్గా బంతి అంతే మిగులుతుంది. అంతకన్నా చదునుగా వచ్చిన బంతి అంచుకు తగలక మానదు.

కొత్తవాళ్లు బలం చాలదేమోనని బంతిని నేరుగా, చదునుగా విసురుతారు. నిజానికి రింగు తలకన్నా పైన ఉంటుంది కాబట్టి తక్కువ బలంతో బంతిని చేర్చే కోణం 45 డిగ్రీల కన్నా ఎక్కువే. భౌతిక శాస్త్రవేత్త పీటర్ బ్రాంకాజియో 1981లో ఈ లెక్కను విశదీకరించాడు. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో కంప్యూటరు మీద లక్షల ఫ్రీ త్రోలు నడిపించి చూసి, సుమారు 52 డిగ్రీల కోణం, సెకనుకు దాదాపు మూడు వెనక తిప్పులు, రింగు వెనక అంచు వైపు గురి మేలని తేల్చారు. వెనక్కి తిరుగుతూ వచ్చిన బంతి బోర్డునో రింగునో తాకినప్పుడు వేగం చచ్చి లోపలికి జారే అవకాశం పెరుగుతుంది.

పిల్లలకు ఈ అంకెలు చెప్పనక్కర్లేదు. రెండు 7వ నంబరు బంతులు ఒకేసారి పక్కపక్కన రింగులో దాదాపుగా పట్టేస్తాయని నిచ్చెన వేసి ఒక్కసారి చూపిస్తే చాలు. కింద నుంచి ఇరుకుగా కనిపించే రింగు ఎంత విశాలమైనదో కళ్లకు తెలుస్తుంది.

షాట్ నిర్మాణం

కోచ్‌లు దీన్ని నాలుగు మాటల్లో గుర్తుపెట్టుకుంటారు: బ్యాలెన్స్, ఐస్, ఎల్బో, ఫాలో త్రూ.

పాదాలు భుజాల వెడల్పున ఉంటాయి. కుడిచేతి వాటమైతే కుడి పాదం కొంచెం ముందుకు, మోకాళ్లు కాస్త వంచి. షాట్‌కు బలం చేతుల్లోంచి కాక కాళ్లలోంచి మొదలవుతుంది. బంతి వేళ్ల మెత్తల మీద నిలుస్తుంది, అరచేతి నడిమి భాగం బంతికి తగలదు. మణికట్టు వెనక్కి వంగి, చర్మం మీద చిన్న ముడతలు పడతాయి. మోచేయి బంతి కిందకి వస్తుంది. రెండో చెయ్యి పక్కన గోడలా ఆనుకుంటుంది, తోయదు. కాళ్లు లేస్తుండగా చెయ్యి సాగుతుంది. చివరగా బంతిని వదిలేవి చూపుడు వేలు, మధ్య వేలు. వదిలాక చెయ్యి పైనే ఉండి, మణికట్టు ముందుకు వాలుతుంది. అటక మీద ఉన్న డబ్బాలోకి చెయ్యి పెట్టినట్టుంటుంది ఆ భంగిమ. తెలుగు ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఈ పోలిక వెంటనే అందుతుంది.

కొత్తవాళ్లలో కనిపించే తప్పులు మూడు. బంతిని నడుం దగ్గర నుంచి ఊపి విసరడం, రెండు బొటనవేళ్లతోనూ తోయడం, బంతి వదలగానే చెయ్యి దించేయడం. మొదటి రెండూ చాలావరకు దూరం ఎక్కువై, బంతి బరువై పుట్టేవి. పిల్లను రెండడుగులు ముందుకు జరిపితే సగం తప్పులు ఎవరూ దిద్దకుండానే పోతాయి.

బోధన క్రమం

*రింగు లేకుండా.* ముందు ఇద్దరిద్దరుగా, మూడు మీటర్ల ఎడంలో నిలబడి ఒంటి చేత్తో బంతిని ఎత్తుగా ఒకరికొకరు వేసుకుంటారు. రింగు లేదు కాబట్టి తప్పడమన్నదే లేదు. వెల్లకిలా పడుకుని బంతిని ముఖానికి నేరుగా పైకి వేసి పట్టుకోవడం మరో పద్ధతి. బంతి తిన్నగా లేచిందా లేదా అన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

*ఒక్క అడుగు దూరం నుంచి.* రింగు ముందు ఒక్క అడుగు ఎడంలో నిలబడి, రెండో చెయ్యి వెనక పెట్టుకుని వేస్తారు. బంతి పడుతుంది. ఈ మెట్టు ప్రయోజనమంతా ఆ మాటలోనే ఉంది. పదమూడేళ్లు వచ్చేదాకా ఏ ఆటలోనూ గెలుపు ఎరగని పిల్లకు నెట్టు కదిలిన చప్పుడు పాఠం కన్నా ఎక్కువ చెబుతుంది.

*బోర్డు సాయంతో.* రింగుకు పక్కగా, 45 డిగ్రీల కోణంలో నిలబడి బోర్డు మీది 59 × 45 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రపు పై మూలకు గురిపెడతారు. దగ్గరి దూరాల్లో పక్కల నుంచి వేసేటప్పుడు బోర్డు తప్పులను క్షమిస్తుంది. గురి చూడడానికి స్పష్టమైన గుర్తు దొరకడం కొత్తవాళ్లకు ఊరట.

*వెనక్కి ఒక్కో అడుగు.* పదిలో ఆరు పడితే ఒక అడుగు వెనక్కి. షాట్ రూపం చెడితే ఒక అడుగు ముందుకు. ఎప్పుడు జరగాలో పిల్లలే నిర్ణయించుకుంటారు. ముందుకు రావడం ఓటమి కాదని ఉపాధ్యాయుడు తాను కూడా దగ్గర నుంచే మొదలుపెట్టి చూపించాలి.

*పాస్ అందుకుని, ఆటలో.* ఆ తర్వాత పాస్ పట్టుకుని వేయడం, ఒక్క డ్రిబుల్ చేసి వేయడం, చివరకు ఇద్దరిద్దరు, ముగ్గురుముగ్గురు ఆడే చిన్న ఆటలు.

తొందరపడి దూరం పెంచితే ఏమవుతుందో ఎన్.బి.ఏ. ఆటగాడు స్టీఫెన్ కరీ అనుభవం చెబుతుంది. చిన్నప్పుడు బలం చాలక నడుం ఎత్తు నుంచే షాట్ వేసే అలవాటు అతనికి పడింది. హైస్కూల్లో ఉండగా ఒక వేసవిలో అతని తండ్రి, మాజీ ఎన్.బి.ఏ. ఆటగాడు డెల్ కరీ, బంతి వదిలే చోటును తలపైకి మార్పించాడు. వారాల తరబడి అతను రింగు దగ్గర నుంచి తప్ప దూరం నుంచి వేయలేకపోయాడు. ఆటంటే ప్రాణమున్న కుర్రాడు కాబట్టి ఆ వేసవిని ఓర్చుకున్నాడు. ఆటంటే ఇష్టం లేని పిల్లాడు ఓర్చుకోడు. అందుకే వాళ్లకు మొదటి నుంచే దూరం తగ్గించి నేర్పడం తప్పనిసరి.

మాట, చూపు, దిద్దుబాటు

'మోచెయ్యి లోపలికి, మణికట్టు ఇలా, మోకాలు అలా' అని వరుసగా చెబితే పిల్లలు తమ ఒంటినే గమనించుకుంటూ బిగుసుకుపోతారు. 2005లో గాబ్రియెలె వుల్ఫ్ బృందం ఫ్రీ త్రోల మీద చేసిన ప్రయోగంలో మణికట్టు మీద మనసు పెట్టినవాళ్ల కన్నా రింగు మీద మనసు పెట్టినవాళ్ల గురి మెరుగ్గా ఉంది, కండరాల శ్రమ కూడా తగ్గింది. కాబట్టి 'చెయ్యి సాచు' అనే బదులు 'బంతిని రింగు వెనక అంచు మీదుగా జారవిడువు' అనడం మేలు. ఒకసారికి ఒక్క సూచనే.

చూపు సంగతి 1996లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ పరిశీలించింది. నేర్పరులు షాట్ మొదలుపెట్టే ముందు రింగు మీద చూపును ఎక్కువసేపు నిలకడగా ఉంచుతారు. సిగ్గుపడే పిల్లల చూపు మాత్రం బంతికీ, రింగుకూ, స్నేహితుల ముఖాలకూ మధ్య పరుగెడుతుంది. 'రింగును చూసి మనసులో ఒకటి రెండు లెక్కపెట్టి వెయ్యి' అన్న చిన్న మాట ఆ పరుగును ఆపుతుంది.

దిద్దుబాటు పక్కకు పిలిచి, మెల్లగా చెప్పాలి. మెచ్చుకోలు నిర్దిష్టంగా ఉండాలి. 'వెరీ గుడ్' అన్నది గాలిలో పోతుంది. 'ఈసారి బంతి బాగా లేచింది' అన్నది చేతిలో మిగులుతుంది.

సాధన ఏర్పాటు

మన పాఠశాలల్లో అసలు అడ్డంకి సంఖ్య. 40 మంది పిల్లలు, రెండు రింగులు, 40 నిమిషాల పీరియడ్ అనుకుందాం. ఒక్కో రింగు ముందు 20 మంది వరుసలో నిలబడి, షాట్‌కు పది సెకన్లు తీసుకుంటే ఒక్కొక్కరికి పీరియడ్ మొత్తంలో 12 షాట్లు దక్కుతాయి. ఆ 12 కూడా మిగతా 19 మంది చూస్తుండగా. అదే గోడల మీద సుద్దతో గుండ్రాలు గీసి, జంటలుగా విడదీసి, రింగుల దగ్గరికి వంతులవారీగా పంపితే అదే పీరియడ్‌లో ఒక్కొక్కరి చేతిలోంచి వందకు పైగా షాట్లు వెళ్తాయి. ప్రేక్షకులు ఒక్కరికి తగ్గుతారు. ఖర్చు ఒక సుద్దముక్క. బంతులు చాలకపోతే వాలీబాల్, రబ్బరు బంతి తొలి మెట్లకు పనికొస్తాయి.

కొంత పట్టు వచ్చాక ఒకే చోట నిలబడి వంద వేయడం కన్నా చోట్లు మార్చి వేయడం మంచిది. 1978లో రాబర్ట్ కెర్, బెర్నార్డ్ బూత్ ఎనిమిదేళ్ల పిల్లల చేత గింజల సంచులు వేయించి చూశారు. పరీక్ష పెట్టిన దూరం నుంచే సాధన చేసినవాళ్ల కన్నా, ఆ దూరానికి ముందూ వెనకా రెండు చోట్ల నుంచి సాధన చేసినవాళ్లే ఆ పరీక్షలో మెరుగ్గా వేశారు.

పోటీలు పెట్టేటప్పుడు నాకౌట్ ఆటలతో జాగ్రత్త అవసరం. వాటిలో మొదట బయటికి వెళ్లేది ఎక్కువ సాధన కావలసిన పిల్లే. మూడు నిమిషాల్లో జట్టు మొత్తం కలిసి ఎన్ని వేస్తుంది, నిన్నటి లెక్కను దాటుతుందా అన్న పోటీలో ఆ పిల్ల వేసిన ఒక్క బుట్ట కూడా జట్టుకు కావలసినదవుతుంది.

పరికరాలు, భద్రత

స్త్రీల ఆటలో వాడే 6వ నంబరు బంతి (510 గ్రాముల నుంచి) చాలామంది కొత్తవాళ్లకు, మగపిల్లలకు కూడా, అనువైనది. చిన్న చేతులకు 5వ నంబరు. పన్నెండేళ్ల లోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగును 2.60 మీటర్ల ఎత్తులో పెడతారు. ఎత్తు మార్చే వీలున్న చోట టీనేజీ కొత్తవాళ్లకు కూడా కొన్ని వారాలు దించి నేర్పవచ్చు.

తుప్పుపట్టిన స్తంభాలు, వదులైన బోల్టులు ప్రాణాలు తీయగలవు. ప్రతి టర్మ్ మొదట్లో వాటిని పరీక్షించాలి, రింగుకు వేలాడడాన్ని ఖచ్చితంగా ఆపాలి. వేళ్లు బెణకడం, చీలమండ మెలిక పడడం సాధారణ గాయాలు. ఎండాకాలం సిమెంటు కోర్టు మీద ఉదయమో సాయంత్రమో మాత్రమే ఆడించాలి, మంచినీళ్లు దగ్గర ఉండాలి.

భారతదేశంలో, తెలుగు నాట

మన దేశంలో వ్యాయామ విద్యకు స్ప్రింగ్‌ఫీల్డ్‌తో నేరుగా సంబంధం ఉంది. అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. పురుషుల జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలు 1934లో మొదలయ్యాయి, బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో భారత పురుషుల జట్టు పాల్గొంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌తో పోలిస్తే బాస్కెట్‌బాల్ కోర్టులు తక్కువ. పదో తరగతి, ఇంటర్ పరీక్షల ఒత్తిడిలో గేమ్స్ పీరియడ్‌ను లెక్కల మాస్టారుకు ఇచ్చేయడం చాలా చోట్ల ఆనవాయితీ. కాబట్టి చాలామంది పిల్లలకు ఈ ఆటతో పరిచయం కొన్ని పీరియడ్లకే పరిమితం. ఆ కొద్ది సమయంలో మొదటి పీరియడ్ అవమానంతో గడిస్తే సరిదిద్దడానికి రెండో అవకాశం రాకపోవచ్చు. వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) మొదటి రోజు చేసే ఏర్పాటుకు ఇక్కడ అంత విలువ ఉంది.

ఫలితాన్ని కొలవడం

ఎన్ని పడ్డాయన్నది ఒక కొలత. దాన్ని పక్కవాడితో కాక, ఆ పిల్లాడి పోయిన వారం లెక్కతోనే పోల్చాలి. చిన్న కార్డు మీద తేదీ, దూరం, పదికి ఎన్ని అని పిల్లలే రాసుకుంటే చాలు. మరో కొలత ఇంకా ముఖ్యం: పిల్లలు మళ్లీ వచ్చారా? రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అమెరికాలో బాలల బేస్‌బాల్ కోచ్‌లకు మెచ్చుకోవడంలో, తప్పును సరిదిద్దడంలో తర్ఫీదు ఇచ్చారు. 1992లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి ఏడాది మానేసినవాళ్లు 5 శాతం, తర్ఫీదు లేని కోచ్‌ల దగ్గర 26 శాతం. ఆట ఒక్కటే, పిల్లలూ ఆ వయసువాళ్లే. తేడా అంతా పెద్దవాళ్ల తీరులోనే ఉంది.

స్ప్రింగ్‌ఫీల్డ్ తరగతి ఫలితాన్ని కూడా ఇలాగే కొలవాలి. 1891 డిసెంబరులో క్రిస్మస్ సెలవులకు ఇళ్లకు వెళ్లిన విద్యార్థుల్లో కొందరు తమ ఊళ్లలోని వై.ఎం.సి.ఏ.లలో ఈ కొత్త ఆటను ఆడించారు. ఇద్దరు ఉపాధ్యాయులు మా వల్ల కాదని వదిలేసిన కుర్రాళ్లే బాస్కెట్‌బాల్‌ను బయటి ప్రపంచానికి మోసుకెళ్లిన తొలి ప్రచారకులయ్యారు.